సీడీ4 వెయ్యి దాటితే యాంటీబయాటిక్ అక్కర్లేదా? ఒక వాట్సాప్ ఫార్వర్డుకు ఖండన

వానలు మొదలయ్యాక విశాఖను జ్వరాలతో పాటు ఒక వాట్సాప్ మెసేజ్ కూడా పట్టుకుంది. బీచ్ రోడ్డు వాకర్ల గ్రూపుల నుంచి గాజువాక అపార్ట్‌మెంట్ల గ్రూపుల దాకా తిరుగుతోంది. సారాంశం ఇది: “మన ఒంట్లో టీ కణాలనే సైన్యం ఉంది. ఏ బ్యాక్టీరియా వచ్చినా అవే పట్టుకుని చంపేస్తాయి. సీడీ4 పరీక్ష చేయించుకోండి, వెయ్యి దాటితే మీకు ఏ ఇన్ఫెక్షనూ రాదు. ఊపిరితిత్తులైనా, పేగులైనా, చర్మమైనా టీ కణం ఒకటే. జ్వరం వస్తే ఏడు రోజులు ఓపిక పట్టండి, యాంటీబయాటిక్ వేస్తే టీ కణాలు చచ్చిపోతాయి. ఈ పొడి 21 రోజులు తాగితే అవి రెట్టింపవుతాయి, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. బీసీజీ మచ్చ ఉంటే టీబీ భయం జన్మలో లేదు.”

టీ కణాలంటే తెల్లకణాల్లో ఒక రకం, సీడీ4 వాటిలో ఒక ముఖ్యమైన తెగ, రక్తంలో ఆ తెగ లెక్కే సీడీ4 పరీక్ష. మెసేజ్‌లో పూర్తి అబద్ధాలు తక్కువే. ప్రతి మాటలోనూ చిటికెడు నిజం ఉంది, అందుకే చదువుకున్నవాళ్లు కూడా ముందుకు తోసేస్తున్నారు. ఒక్కో మాటా తీసుకుందాం.

“బ్యాక్టీరియా రాగానే టీ కణం పట్టుకుని చంపేస్తుంది”

కాలి వేలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందనుకోండి. గంటల్లోనే వేలు ఎర్రబడి, వాచి, సలుపు మొదలవుతుంది. అది టీ కణాల పని కాదు. చర్మంలో కాపలా ఉండి క్రిములను మింగే మాక్రోఫేజ్‌లనే కణాలు కబురు పెడితే రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దిగుతాయి. బ్యాక్టీరియాను మింగుతాయి, తామూ చస్తాయి. ఆ శవాల కుప్పే చీము. సీబీసీ రిపోర్టులో తెల్లకణాలు 11,000 దాటి, న్యూట్రోఫిల్స్ 80 శాతం అని ఉంటే ఆ హడావుడి వాటిదే. రెండో రోజుకో మూడో రోజుకో గజ్జల్లో బిళ్ల కడుతుంది, అంటే అక్కడి లింఫ్ గ్రంథి వాస్తుంది. టీ కణాల కథ మొదలయ్యేది ఆ బిళ్లలో.

మామూలు టీ కణానికి బ్యాక్టీరియాను నేరుగా గుర్తుపట్టే కన్ను లేదు. డెండ్రైటిక్ కణం ఒకటి ఆ బ్యాక్టీరియాను మింగి, దాని ప్రొటీన్లను పది ఇరవై అమైనో ఆమ్లాల ముక్కలుగా కోసి, హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టి చూపిస్తేనే గుర్తుపడుతుంది. ఆ ఒక్క ముక్కకు సరిపోయే తాళంచెవి ఉన్న టీ కణం లక్షలో ఒకటి, కొన్నిసార్లు పది లక్షల్లో ఒకటి. చందనోత్సవం నాడు సింహాచలం కొండ మీద మనిషిని వెతకాలంటే గుంపులోపడి తిరిగే కన్నా, అందరూ దాటాల్సిన క్యూ దగ్గర నిలబడటం మేలు. లింఫ్ గ్రంథి అలాంటి క్యూ. అక్కడ దొరికిన టీ కణం ఒకటి రెండై, రెండు నాలుగై, గాయం దాకా వెళ్లగలిగినంత మంది తయారయ్యేసరికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. అదే బ్యాక్టీరియా ఇంతకు ముందు వచ్చి వెళ్లి ఉంటే ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది.

వెళ్లాక కూడా చాలావరకు స్వయంగా చంపవు, చంపేవాళ్లను పురమాయిస్తాయి. సీడీ4 కణాల్లో ఒక రకం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ విడుదల చేసి, లోపల టీబీ క్రిమిని పెట్టుకుని చేతకాక కూర్చున్న మాక్రోఫేజ్‌కు దాన్ని చంపే సత్తువ ఇస్తుంది. ఇంకో రకం ఐఎల్-17 అనే మరో సంకేతం విడుదల చేసి న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తుంది. మరో రకం లింఫ్ గ్రంథిలోనే ఉండి బీ కణాల చేత మంచి యాంటీబాడీలు చేయిస్తుంది. సీడీ8 కణాలు క్రిమి దూరిన మన కణాన్నే చంపుతాయి.

ఇవి ఒకదాని బదులు ఒకటి పనికిరావని పుట్టుకతో లోపం ఉన్న పిల్లలను చూస్తే తెలుస్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా దారిలో లోపం ఉన్నవాళ్లకు టీబీకి వేసే బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమి కూడా ఒళ్లంతా పాకుతుంది, టైఫాయిడ్ జాతి సాల్మొనెల్లా బ్యాక్టీరియా వదలదు. స్టాట్3 జన్యువులో లోపం వల్ల ఐఎల్-17 కణాలు తయారు కానివాళ్లకు స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా సెగ్గడ్డలు, నిమ్ము మళ్లీ మళ్లీ వస్తాయి. ఇద్దరి రక్తంలోనూ మొత్తం సీడీ4 లెక్క మామూలుగానే ఉండొచ్చు.

“సీడీ4 వెయ్యి దాటితే ఏ ఇన్ఫెక్షనూ రాదు”

మెసేజ్‌లో జేబుకు చిల్లు పెట్టే మాట ఇదే. కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల ల్యాబుల్లో డబ్బు కట్టి మరీ చేయించుకునేవాళ్లు ఉంటారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

సీడీ4 లెక్క హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం పుట్టిన పరీక్ష. పెద్దవాళ్లలో మైక్రోలీటరుకు సుమారు 500 నుంచి 1,500 దాకా మామూలే. 200 కన్నా దిగితే ఏయే ఇన్ఫెక్షన్లకు ముందుజాగ్రత్త మందులు ఇవ్వాలో డాక్టరుకు తెలుస్తుంది. అంతవరకు అది బంగారం లాంటి పరీక్ష. 700 ఉన్న ఆరోగ్యవంతుడి కన్నా 1,100 ఉన్న ఆరోగ్యవంతుడికి నిమ్ము తక్కువ వస్తుందని చెప్పే శక్తి దానికి లేదు.

ఒకే మనిషిలో ఆ అంకె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒంట్లోని కార్టిసాల్ అనే హార్మోన్ హెచ్చుతగ్గుల వల్ల పొద్దున తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటుంది. జ్వరం వస్తే పడిపోతుంది. ఒళ్లు నొప్పులకని వేసుకున్న స్టెరాయిడ్ మాత్రకూ పడిపోతుంది. ఇక శాంపిల్ సంగతి. ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయాలి, గది ఉష్ణోగ్రతలో ఉంచాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మామూలుగా 48 గంటల్లోపు మెషీన్ ఎక్కించాలి. మే నెల మధ్యాహ్నం బైక్ డిక్కీలో ఊరంతా తిరిగిన ట్యూబులో చచ్చిన కణాలు పెరుగుతాయి, అంకె మీద నమ్మకం పోతుంది. అందుకే హెచ్‌ఐవీ డాక్టర్లు కూడా ఒక్క అంకెను చూసి కాకుండా, కొన్ని నెలల వరసను, సీడీ4 శాతాన్ని కలిపి చూసి మాట్లాడతారు.

అసలు చిక్కు ఇంతకన్నా లోతైనది. ఒంట్లోని లింఫోసైట్లలో, అంటే టీ కణాలు, బీ కణాలు ఉండే తెల్లకణాల గుంపులో, ఏ క్షణంలోనైనా రక్తంలో ఉండేవి సుమారు రెండు శాతమే. మిగతావి లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, ఎముక మజ్జలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో ఉంటాయి. రక్తమంతటిలో ఉన్న టీ కణాలకు దాదాపు రెట్టింపు ఒక్క చర్మంలోనే ఉంటాయని అంచనా. మద్దిలపాలెం జంక్షన్లో నిలబడి బస్సుల్లో పోతున్న జనాన్ని లెక్కపెట్టి, పెందుర్తిలో ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పగలమా?

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన టీబీ రోగి దీనికి మంచి ఉదాహరణ. టీబీ క్రిములు కొన్ని, లేదా వాటి ప్రొటీన్లు, ఊపిరితిత్తి పైపొరలోకి జారతాయి. అంతకు ముందే టీబీని చూసి ఉన్న టీ కణాలు అక్కడికి పోగవుతాయి. ఆ వాపు వల్లే నీరు ఊరుతుంది. అందుకే ఆ నీటిలో క్రిములు బహు తక్కువ, సూక్ష్మదర్శినిలో కనబడటం అరుదు. టీ కణాలు మాత్రం కుప్పలు. సిరంజితో తీసిన ఆ గడ్డిరంగు నీటిని పరీక్షిస్తే కణాల్లో ఎక్కువ భాగం లింఫోసైట్లే, అందులోనూ సీడీ4లే. చురుగ్గా ఉన్న టీ కణాల దగ్గర ఎక్కువగా ఉండే అడినోసిన్ డీఅమినేస్ అనే ఎంజైమ్, ల్యాబ్ రిపోర్టులో ఏడీఏ, లీటరుకు 40 యూనిట్లు దాటుతుంది. అదే రోజు అదే మనిషి రక్తంలో లింఫోసైట్లు తక్కువగా ఉండొచ్చు, టీబీ కోసం చేతి మీద వేసిన మాంటూ పరీక్ష కూడా కొందరిలో నెగెటివ్ రావచ్చు. కణాలన్నీ ఛాతీలో బిజీగా ఉన్నాయి మరి.

ఇక్కడా పొరపాట్లకు చోటుంది. ఏడీఏ 40 దాటిందని కళ్లు మూసుకుని టీబీ మందులు మొదలుపెట్టకూడదు. చీము చేరిన మామూలు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లోనూ ఏడీఏ పెరుగుతుంది, కానీ అప్పుడు నీటిలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ. లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్‌లోనూ, కీళ్లవాతంలోనూ పెరగొచ్చు. మరోవైపు టీబీ నీరు కూడా మొదటి కొద్ది రోజుల్లో తీస్తే న్యూట్రోఫిల్స్‌తోనే కనబడి మోసం చేస్తుంది. అందుకే ఏడీఏ అంకెను, కణాల రకాన్ని, నీరు చేరి ఎన్నాళ్లయిందన్నదాన్ని కలిపి చదవాలి. తేలకపోతే పైపొర ముక్క తీసి బయాప్సీకి పంపాలి.

టీ కణాలు పనిచేస్తున్నాయా అని నిజంగా అడిగే పరీక్షలు వేరే ఉన్నాయి. అవి టీ కణాలకు ఒక ఫలానా క్రిమి ముక్కను చూపించి, స్పందన కొలుస్తాయి. మాంటూలో టీబీ క్రిమి ప్రొటీన్లతో చేసిన ట్యూబర్‌క్యులిన్‌ను 0.1 మిల్లీలీటరు ముంజేతి లోపలి వైపు చర్మం పొరలోనే ఎక్కిస్తారు. వెంటనే 6 నుంచి 10 మిల్లీమీటర్ల తెల్లటి బుడిపె లేవాలి. లేవలేదంటే మందు లోతుకు పోయిందని, ఇంకోచోట మళ్లీ వేయాలి. చదివేది 48 నుంచి 72 గంటల మధ్య, ఎందుకంటే టీ కణాలు చర్మంలోకి వచ్చి పోగవడానికి అంత సమయం కావాలి. కొలవాల్సింది వేలికి తగిలే గట్టిదనాన్ని, ముంజేతికి అడ్డంగా. ఎరుపును కొలవకూడదు. ఎక్కువ తప్పులు జరిగేది సరిగ్గా ఇక్కడే: ఎరుపు 18 ఉంది, గట్టిదనం 6 ఉంది, రిపోర్టులో 18 అని పడుతుంది.

టీబీకే రక్తంతో చేసే ఇగ్రా పరీక్షలో ఒక రకానికి నాలుగు ట్యూబులుంటాయి, ఒక్కోదానిలో ఒక్కో మిల్లీలీటరు. ఒకటి ఖాళీది, రెండింటిలో టీబీ ప్రొటీన్ ముక్కలు, నాలుగోదాంట్లో ఏ టీ కణాన్నైనా రెచ్చగొట్టే మైటోజెన్. గోడలకున్న పూత రక్తంలో కలిసేలా పదిసార్లు తిరగేసి, 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచి ఇంటర్‌ఫెరాన్ గామా కొలుస్తారు. మైటోజెన్ ట్యూబు కూడా స్పందించకపోతే ఫలితం ‘తేలలేదు’ అని వస్తుంది. దాన్ని నెగెటివ్ అని చదివితే ప్రమాదం. స్టెరాయిడ్ల వల్లో, జబ్బు ముదిరో ఆ మనిషి టీ కణాలు నీరసించి ఉండొచ్చు, లేదా శాంపిల్ పాడై ఉండొచ్చు. పాజిటివ్ వచ్చినా అది నిద్రపోతున్న టీబీయో, లేచి కూర్చున్న టీబీయో ఈ రెండు పరీక్షలూ చెప్పలేవు. దానికి ఎక్స్‌రే, తెమడ పరీక్ష ఉండాల్సిందే.

“ఊపిరితిత్తులైనా, పేగులైనా, చర్మమైనా టీ కణం ఒకటే”

ఒకటి కాదు. టీ కణాలకు తయారయ్యే చోటే చిరునామా రాసి పంపుతారు. పేగు దగ్గరి డెండ్రైటిక్ కణాలు మనం తిన్న విటమిన్ ఏ నుంచి రెటినాయిక్ ఆమ్లం చేసి టీ కణానికి తగిలిస్తే, ఆ కణం పేగు రక్తనాళాల గోడకే అతుక్కునే పట్టు సంపాదిస్తుంది. చర్మం దగ్గర విటమిన్ డీ నుంచి వచ్చే పదార్థం అలాగే చర్మపు పైపొర వైపు దారి చూపుతుంది. పని ముగిశాక కొన్ని కణాలు అక్కడే కాపురం పెడతాయి. వాటిని స్థానిక జ్ఞాపక టీ కణాలంటారు. అవి తిరిగి రక్తంలోకి రావు, కాబట్టి ఏ రక్తపరీక్షకూ దొరకవు.

చోటును బట్టి పని ఎంత మారుతుందో చూడండి. కాలేయంలోకి పేగుల రక్తమంతా వచ్చి పడుతుంది, దానితో బ్యాక్టీరియా చెత్తా వస్తుంది. అక్కడి టీ కణాల్లో పెద్ద వాటా, కొందరిలో సగం దాకా, మెయిట్ అనే ప్రత్యేక రకం. వీటికి ప్రొటీన్ ముక్క అక్కర్లేదు. చాలా బ్యాక్టీరియా తమ బీ2 విటమిన్ తామే తయారు చేసుకుంటాయి, మన కణాలు చేసుకోలేవు. ఆ తయారీలో రాలే పదార్థం కనబడిందంటే లోపల పరాయివాడున్నట్టే. ఆ సంగతి 2012లో బయటపడింది. వంటింటి పొగను బట్టి పొరుగింట్లో మనుషులున్నారని తెలుసుకోవడం లాంటిదే ఇది.

మూత్రాశయంలో కథ అడ్డం తిరుగుతుంది. ఎలుకల్లో చూస్తే, ఇన్ఫెక్షన్ వచ్చాక అక్కడికి చేరే సీడీ4 కణాలు క్రిమిని తుడిచిపెట్టడం కన్నా, ఊడిపోయిన లోపలి పొరను త్వరగా కట్టడం మీదే ఎక్కువ దృష్టి పెడతాయి. మూత్రం తగలకుండా గోడ నిలబడటం అవయవానికి ముందు అవసరం. దాని ఖరీదుగా కొన్ని క్రిములు మిగిలిపోతాయి. కొందరు ఆడవాళ్లకు మూత్రంలో మంట మళ్లీ మళ్లీ రావడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. అంతేగానీ వాళ్ల ‘ఇమ్యూనిటీ తక్కువ’ అని కాదు.

ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమి పడితే ఆలస్యమే పెద్ద సమస్య. క్రిమి మాక్రోఫేజ్‌లోనే దాక్కుని, లింఫ్ గ్రంథికి కబురు చేరకుండా సాగదీస్తుంది. ఎలుకల్లో టీ కణాలు ఊపిరితిత్తికి రావడానికే రెండు వారాలు దాటుతుంది. మనుషుల్లో మాంటూ పాజిటివ్ అవడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు. వచ్చిన కణాలన్నీ పనికొచ్చేవి కావు. కొన్ని రక్తనాళంలోనే ఆగిపోతాయి. గోడ దాటి కణజాలంలోకి దిగినవే క్రిమిని అదుపు చేస్తాయి. మొత్తం లెక్కలో రెండూ కలిసే ఉంటాయి.

కుష్టు క్రిమికి చల్లదనం కావాలి, 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. అందుకే చెవి తమ్మెలు, ముక్కు, చర్మం, మోచేతి దగ్గరి నరం దాని ఇష్టమైన చోట్లు. క్రిమి ఒకటే, మనుషుల్లో జబ్బు రెండు చివరలుగా కనబడుతుంది. టీ కణాలు గట్టిగా స్పందించినవాళ్లకు రెండు మూడు స్పర్శ లేని మచ్చలు, క్రిములు దాదాపు లేవు. స్పందించనివాళ్లకు ఒళ్లంతా క్రిములు. మధ్యలో ఉన్నవాళ్లలో టీ కణాలు ఉన్నట్టుండి రెచ్చిపోతే నరం వాచి, కొద్ది రోజుల్లోనే చెయ్యి వంకర పోవచ్చు. ఆ నష్టం చేసేది క్రిమి కన్నా ఎక్కువగా టీ కణాలే. అందుకే అప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి వాటిని అణుస్తారు, కుష్టు మందులు మాత్రం ఆపరు. మచ్చ ఉన్న మనిషికి నరం నొప్పి, కొత్తగా తిమ్మిరి మొదలైతే వారం ఆగడం కూడా నష్టమే.

“ఏడు రోజులు ఓపిక పట్టండి, యాంటీబయాటిక్ టీ కణాలను చంపేస్తుంది”

ఈ మాట ప్రాణాలు తీస్తుంది. మామూలుగా రాసే యాంటీబయాటిక్స్ చాలావరకు బ్యాక్టీరియా గోడ మీదో, దాని రైబోజోము మీదో దెబ్బ కొడతాయి, టీ కణానికి ఆ గోడ లేదు, ఆ రైబోజోము వేరు. ఇందులో చిటికెడు నిజం ఏమిటంటే, ఎలుకల్లో సాల్మొనెల్లా పడిన వెంటనే మందు ఇచ్చేస్తే తర్వాతి రక్షణ కాస్త బలహీనంగా ఉంటుంది. దాన్ని పట్టుకుని మనిషిని టైఫాయిడ్‌తో వారం కూర్చోబెట్టడం పిచ్చితనం. టైఫాయిడ్ క్రిమి చిన్నపేగు చివర ఉండే పేయర్ ప్యాచ్ అనే లింఫ్ కణజాలంలో, మాక్రోఫేజ్‌ల లోపల పెరుగుతుంది. మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అక్కడ చేసే పోరులోనే ఆ ప్యాచ్ ఉబ్బి, పుండై, మూడో వారంలో పేగుకు చిల్లు పడుతుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో టైఫాయిడ్ వచ్చినవాళ్లలో నూటికి పది నుంచి ఇరవై మంది పోయేవారు.

మూడు నాలుగు రోజులు దాటిన జ్వరానికి చేయించాల్సింది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందు. పెద్దవాళ్లకైతే బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండు మిల్లీలీటర్లు తీసి పంపితే క్రిమి ఉన్నా మొలవదు. సరిగ్గా తీసినా టైఫాయిడ్‌లో సగం, సగం పైన మాత్రమే దొరుకుతుంది. విడాల్ అనే రక్తపరీక్ష ఒక్కసారి చేసి టైఫాయిడ్ అని తేల్చడం మన దగ్గర పాత అలవాటు. పాత ఇన్ఫెక్షన్, టీకా, వేరే జ్వరాలు కూడా దాన్ని పాజిటివ్ చేస్తాయి.

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన జ్వరమైతే, ఊరి చివర తుప్పల్లో తిరిగిన మనిషి జ్వరమైతే, బట్టల కింద వెతకాలి: చంక, గజ్జలు, నడుము, రొమ్ముల కింద. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనబడితే స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరం. చెక్కు లేకపోయినా కొట్టిపారేయలేం. ఆ క్రిమి రక్తనాళాల లోపలి కణాల్లో ఉంటుంది. టీ కణాలు తేరుకునేలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే మామూలుగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎన్ని సీసాలు ఎక్కించినా దాని మీద పనిచేయదు. షుగరు ఉన్నవాళ్లకు వానల తర్వాత నిమ్ము, కాలేయంలోనో ప్లీహంలోనో గడ్డలు వస్తే తూర్పు తీరంలో మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బును మరిచిపోకూడదు. దానికి సెఫ్టజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం పది పద్నాలుగు రోజులు నరం ద్వారా, తర్వాత కో-ట్రైమాక్సజోల్ మూడు నెలలు. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

నిమిషానికి ఊపిరి 22కు చేరినా, పై బీపీ 100కు దిగినా, మనిషి మాట తడబడినా రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. అయితే మెసేజ్ అనుకోకుండా ఒక మంచి మాట అంది. జలుబు, వైరల్ జ్వరాలకు మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ వేసుకోవడం మానాలి. కారణం టీ కణాలు చస్తాయని కాదు, వైరస్ మీద అది పనిచేయదని.

“పొడి తాగితే రెట్టింపు, ఎన్ని ఉంటే అంత మంచిది”

టీ కణాలన్నీ ఒకేసారి లేస్తే ఏమవుతుందో కొన్ని స్టాఫిలోకాకస్‌లు ఇప్పటికే చూపించాయి. మామూలు క్రిమి ముక్కకు పదివేలలో ఒక టీ కణం కూడా కదలదు. వాటి సూపర్‌యాంటిజెన్ విషానికి ఐదో వంతు దాకా కదులుతాయి. ఫలితం హఠాత్తుగా జ్వరం, ఒంటి మీద ఎండకు కమిలినట్టు ఎరుపు, బీపీ పడిపోవడం. దాన్నే టాక్సిక్ షాక్ అంటారు. టీ కణాలకు బ్రేకు వేసే పీడీ-1 అనే ప్రొటీన్ లేని ఎలుకలకు టీబీ ఎక్కిస్తే, బాగా పోరాడాల్సింది పోయి మామూలు ఎలుకల కన్నా చాలా ముందే చస్తాయి. క్యాన్సర్‌కు ఆ బ్రేకును తీసే మందులు వాడినవాళ్లలో కొందరికి నిద్రపోతున్న టీబీ లేచింది. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టి సీడీ4 పెరుగుతున్న మొదటి వారాల్లోనే కొందరికి మెడ బిళ్లలు ఉబ్బి, జ్వరం తిరగబెడుతుంది. లెక్క బాగుపడుతోంది, మనిషి కుంగుతున్నాడు. అలాంటప్పుడు మందులు ఆపేయకుండా డాక్టరుకు చూపించాలి.

పొడి గురించి ఒకటే ప్రశ్న: అందులో ఏముంది? ‘తాగిన మూడో రోజుకే ఒళ్లు నొప్పులు మాయం, ఆకలి విపరీతం’ అంటే స్టెరాయిడ్ కలిపారని అనుమానించాలి. అలాంటి కల్తీలు పట్టుబడ్డ సందర్భాలున్నాయి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 15 మిల్లీగ్రాములు నెల దాటి వాడితే లోపలి టీబీ లేచే ప్రమాదం పెరుగుతుంది. అదుపు తప్పిన షుగరూ అదే పని చేస్తుంది.

టీ కణాలకు నిజంగా పనికొచ్చేది రేషన్ సంచిలో ఉంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు నెలకు తలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. వాళ్లలో కొత్త టీబీ సుమారు 40 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. చికిత్సలో ఉన్న రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషకాహారపు డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. ఖాతాలో పడకపోతే మందులిచ్చే కేంద్రంలో బ్యాంకు వివరాలు సరిచూసుకోండి. ఆ డబ్బు పొడికి పెట్టకండి, గుడ్లకూ పప్పుకూ పెట్టండి.

“బీసీజీ మచ్చ ఉంటే టీబీ భయం లేదు”

పుట్టిన పిల్లకు ఎడమ భుజం మీద చర్మం పొరలో 0.05 మిల్లీలీటరు వేస్తారు. కొన్ని వారాలకు పొక్కి, చీము పట్టి, మానిన మచ్చ టీ కణాల పనితనమే. పసిపిల్లల్లో మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది. పెద్దయ్యాక ఊపిరితిత్తుల టీబీ విషయంలో అంత లేదు. మన పక్కనే తమిళనాడు చెంగల్పట్టులో 1968లో మొదలైన భారీ పరీక్షలో పెద్దవాళ్లకు దాదాపు ఉపయోగం కనబడలేదు. 2020లో కోతుల మీద ఒక ప్రయోగం వచ్చింది. అదే బీసీజీని చర్మంలో కాకుండా ఎక్కువ మోతాదులో నరంలోకి ఎక్కిస్తే పదింట తొమ్మిది కోతులకు గట్టి రక్షణ దొరికింది, ఊపిరితిత్తుల్లో టీ కణాలు నిండాయి. మనుషులకు ఇప్పుడే చేసే పని కాదది. టీకా ఒకటే అయినా టీ కణాలు ఎక్కడ స్థిరపడ్డాయన్నదే తేడా తెచ్చింది. మచ్చ ఉన్నా రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. మచ్చ పడని పిల్లకు టీకా పనిచేయలేదని కూడా అనుకోనక్కర్లేదు.

టీ కణాల కోసం టీకా వేయించాలనుకునే తల్లిదండ్రులకు టైఫాయిడ్ టీకా డబ్బా మీద చూడాల్సిన మాట ఒకటుంది. పాత రకం టీకాలో క్రిమి పైనున్న చక్కెర పొర మాత్రమే ఉంటుంది. టీ కణాలు చక్కెరను గుర్తుపట్టవు, కాబట్టి రెండేళ్ల లోపు పిల్లల్లో అది పనిచేయదు, పెద్దవాళ్లకు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. కాంజుగేట్ రకంలో ఆ చక్కెరకు టెటనస్ టాక్సాయిడ్ లాంటి ప్రొటీన్‌ను అతికిస్తారు. బీ కణం చక్కెరను పట్టుకుని మొత్తాన్ని మింగుతుంది, ప్రొటీన్ ముక్కను పళ్లెంలో పెట్టి చూపిస్తుంది, టీ కణం వచ్చి సాయపడుతుంది. హైదరాబాద్‌లో తయారైన ఇలాంటి టీకా ఆరు నెలల పిల్లల నుంచి వేయొచ్చు, ఒక్క డోసు 0.5 మిల్లీలీటరు, కండలోకి. క్లినిక్‌లో ‘టైఫాయిడ్ టీకా’ అని ఊరుకోకుండా, కాంజుగేటేనా అని అడిగి, డబ్బా చూసి, గడువు తేదీ చూసి వేయించండి.